చవక పలకకు నేను రెండుసార్లు కట్టిన ఖరీదు

మీరు కొన్న పాత ఇంటికి పైకప్పు మార్చాలి, అసలు రాతి పలక వేయించాలా, పలకలా కనిపించే సిమెంటు బిళ్లలు సరిపోతాయా అని అడిగారు. ప్రశ్న కింద రెండు అంచనాలనూ రూపాయల్లోకి మార్చి రాశారు. అది చూసి నవ్వొచ్చింది. ఈ దేశం వచ్చిన కొత్తలో నేనూ అదే చేసేవాడిని. ఆ లెక్కన చూస్తే ఇక్కడ గొడుగు కూడా కొనలేం. జీతం ఏ డబ్బులో వస్తోందో ఖర్చునూ ఆ డబ్బులోనే చూడటం ముందు నేర్చుకోండి.

నా మొదటి ఇంటికి ముగ్గురు పనివాళ్లు అంచనా ఇచ్చారు. అందరికంటే తక్కువ చెప్పినవాడిని పిలిచి, బేరమాడి ఇంకాస్త తగ్గించాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నా బేరం గురించి చెప్పుకున్న గొప్పలు మా ఆవిడ ఈనాటికీ మరిచిపోలేదు. పలక ఏ గని నుంచి వచ్చిందని అడగాలన్న ఊహే నాకు లేదు. నల్లగా, నున్నగా, చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన పలకలాగే ఉంది కదా అనుకున్నాను. మీద పసుపు పచ్చని మెరుపు చుక్కలుంటే ముచ్చటపడ్డాను కూడా.

మూడో శీతాకాలానికి ఆ చుక్కల నుంచే తుప్పు చారలు కారడం మొదలైంది. అవి పైరైట్, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. పైరైట్ అంతా చెడ్డది కాదు, కొన్ని గనుల రాతిలో తరాల తరబడి కదలకుండా ఉంటుంది. నాకు దక్కింది గాలీ నీరూ తగలగానే తుప్పుపట్టి రాతికి చిల్లు పెట్టే రకం. ఆరేళ్లలో కప్పంతా దింపించాను. పలక ధర పోతే పోయింది, పనివాళ్లు ఎక్కి నిలబడే సారువ కట్టిన ఖర్చూ కూలీ కూడా రెండోసారి కట్టాను. అసలు డబ్బు పోయేది అక్కడే. చవక పలక ఎక్కించడానికీ మంచి పలక ఎక్కించడానికీ కూలి ఒకటే.

కాబట్టి అమ్మేవాడిని పరీక్ష పత్రం అడగండి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12326. అందులో టీ1 అన్న గుర్తు కావాలి. టీ2 అంటే తుప్పు చారలు రావచ్చు, టీ3 అంటే చిల్లులే పడవచ్చు. టీ3 పలకకూ పత్రం ఉంటుంది, గుర్తుంచుకోండి. పరీక్ష జరిగిందనడం వేరు, నెగ్గిందనడం వేరు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ406లో ఎస్1 అంటే 75 ఏళ్లకు మించి నిలిచే రాయి. ఐరోపా పత్రంలోనూ ఎస్1 కనిపిస్తుంది కానీ అది ఆమ్ల వాయువును తట్టుకునే గుణానికి వేసే గుర్తు. ఒకదాన్ని చూపి రెండోదని నమ్మించేవారున్నారు. బ్రిటన్‌లోని వేల్స్ పలక పేరు గొప్పది, ధరా అంతే గొప్పది. స్పెయిన్‌లోని గలీసియా నుంచి మంచిదీ వస్తుంది, నాసిదీ వస్తుంది. దేశం పేరు చూసి కాదు, గని పేరు చూసి కొనండి.

కాగితం చదవడం కష్టమైతే ఒక పలకను వేలిమీద నిలిపి రెండో చేతి వేలి కణుపుతో కొట్టండి. గంటలా ఖణేల్మనాలి. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టే. తర్వాత సగం వరకు నీళ్లలో రాత్రంతా నిలబెట్టండి. తడి పైకి పాకితే ఆ రాయి నీరు తాగుతోంది, గడ్డకట్టే చలిలో పొరలు పొరలుగా ఊడుతుంది.

రెండోసారి పలక బాగా కొన్నాను, మేకుల దగ్గర పొదుపు చేశాను. బుద్ధి అంత తొందరగా వస్తుందా! రాగి మేకులు వద్దని జింకు పూత ఇనుప మేకులు కొట్టించాను. పైగా మాది సముద్రపు గాలి తగిలే ఇల్లు. పన్నెండేళ్లకు పలక చెక్కుచెదరలేదు, మేకుల తలలను మాత్రం తుప్పు తినేసి పలకలు ఒక్కొక్కటిగా జారసాగాయి. మళ్లీ సారువ, మళ్లీ కూలి. మొత్తం ఖర్చులో మేకుల వంతు ఎంతో తర్వాత లెక్కవేసుకుని సిగ్గుపడ్డాను.

విరిగేవాటికి పదోవంతు అదనంగా తెప్పించండి, తర్వాత అదే రంగు దొరకదు. రెండుమూడు పెట్టెల పలకలు కలిపి వేయమనండి, లేకపోతే కప్పు మీద రంగు మచ్చలు తేలతాయి. మందపాటివి చూరు వైపు, పలుచనివి పైకి వెళ్లాలి. ఆ ఏరివేతకు పనివాడు బద్ధకిస్తే పక్కన నిలబడండి, నేను నిలబడ్డాను. వాసాలు బరువు మోస్తాయో లేదో, వాలు సరిపోతుందో లేదో చూడటం ఇంజనీరు పని. అనుమతుల సంగతి స్థానిక కార్యాలయంలో కనుక్కోండి.

నాలుగైదేళ్లలో అమ్మేసి వెళ్లిపోయే ఆలోచన ఉంటే సిమెంటు బిళ్లలే వేయించండి, తప్పులేదు. ఉండిపోతారంటే పలకే. పలక, మేకులు, సారువ, కూలి విడివిడిగా రాయించి కొత్త అంచనా పంపండి, చూసి చెబుతాను. రూపాయల్లో మాత్రం వద్దు.