కోడలు రాత్రిళ్లు దెయ్యాల సినిమాలు చూస్తోంది, ఆపించాలా?

ప్రశ్న: మాది తెనాలి. మా కోడలికి ఇరవై ఏడేళ్లు. ఏడో నెలలో సీమంతం చేసిన పదహారో రోజున, బిడ్డ కదలడం లేదని ఆసుపత్రికి తీసుకెళ్తే కడుపులోనే గుండె ఆగిపోయిందని చెప్పి, నొప్పులు రప్పించి కాన్పు చేశారు. ఐదు నెలలైంది. రెండు నెలలు పుట్టింట్లో ఉండి మా దగ్గరికి వచ్చింది. ఆఫీసు పని ఇంటి నుంచే చేసుకుంటుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, మా ముందు మాత్రం ఒక్కసారీ ఏడవలేదు. రాత్రయితే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దెయ్యాల సినిమాలు చూస్తుంది. ఆ సినిమాల పిచ్చి ఉన్న ఆడపిల్లల గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంది. హైదరాబాద్ వాళ్లు ముగ్గురు, డల్లాస్‌లో ఒకమ్మాయి. వాళ్లతో రక్తం గురించి మాట్లాడుతూ పకపకా నవ్వుతుంది. మొన్న తలుపు దగ్గర నిలబడి చూశాను. తెర మీద ఎవరో తెల్లావిడ, తోటలో తవ్విన వానపాములను గిన్నెలో పెట్టుకుని కింద చీకటి గదిలోకి తీసుకెళ్తోంది. అది చూస్తూ మా పిల్ల కళ్లు తుడుచుకుంటోంది. కడుపుతో ఉన్నప్పుడూ ఇవే చూసిందని, అందుకే బిడ్డ దక్కలేదని మా ఆడపడుచు అందరి ముందూ అంది. తాయెత్తు కట్టించమంటున్నారు. మా అబ్బాయి ‘వదిలెయ్యమ్మా’ అంటాడు. పిల్లకు మతి చలిస్తోందేమోనని నాకు భయంగా ఉంది. ఈ సినిమాలు ఆపించాలా? బిడ్డ కోసం నేను పాత చీరలు చింపి కుట్టిన పొత్తిళ్ల గుడ్డలు మూట కట్టి అటక మీద పెట్టాను. ఎవరికైనా ఇచ్చేయమంటారా?

జవాబు: మీరు అడిగిన ప్రశ్నల కంటే ముందు, మీ ఉత్తరంలో ఒక వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి దగ్గర ఆగవలసి ఉంది. దెయ్యాల సినిమాలు చూసినందువల్లే బిడ్డ దక్కలేదని మీ ఆడపడుచుగారు అందరి ముందూ అన్నారు. అప్పుడు మీరేమన్నారో రాయలేదు. బహుశా పెద్దావిడ మాటకు ఎదురు చెప్పడం ఎందుకని ఊరుకుని ఉంటారు. ఏడో నెల దాటాక కడుపులో బిడ్డ చనిపోవడానికి వైద్యులు చెప్పే కారణాలు వేరే ఉన్నాయి: మాయ సరిగా పనిచేయకపోవడం లేదా ముందే విడిపోవడం, తల్లికి రక్తపోటు లేదా షుగరు పెరగడం, ఇన్ఫెక్షన్లు, బొడ్డుతాడు ఇబ్బందులు, బిడ్డ ఎదుగుదలలో లోపాలు. అన్ని పరీక్షలూ చేసినా ఏ కారణమూ దొరకని సందర్భాలు కూడా తక్కువేమీ కావు. సినిమా చూసి ఉలిక్కిపడటం ఈ కారణాలలో లేదు. ఆ మాట తప్పని ఆ రోజు ఆ గదిలో ఎవరూ అనలేదు కనుక, అందరూ ఒప్పుకున్నారనే మీ కోడలు అనుకుని ఉంటుంది. ఆ తర్వాత మీ ముందు ఏడవకపోవడంలో వింతేముంది?

ఆ అమ్మాయి శరీరం ఏమేం చూసిందో కూడా ఒకసారి తలుచుకోండి. నొప్పులన్నీ పడి, ఏడుపు వినిపించని కాన్పు అయింది. బిడ్డ లేదన్న సంగతి రొమ్ముకు తెలియదు. రెండు మూడు రోజులకు పాలు పడతాయి. పడిన పాలు ఇంకిపోయేదాకా పడే సలుపు గురించి మన ఇళ్లలో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. తన ఒంట్లోనే ఒక ప్రాణం ఆగిపోవడం కంటే భయానకమైన అనుభవం నా ఊహకు అందడం లేదు. అయినా ఇంటికి వచ్చాక ఆమె విన్నవన్నీ ‘మరిచిపో’, ‘చిన్నదానివి, మళ్లీ కడుపు పండుతుంది’ వంటి మాటలే అయి ఉంటాయి. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటల్లో భయానికి చోటు లేదు. ఆ చోటు ఆమెకు దెయ్యాల సినిమాలలో దొరికిందని నేను అనుకుంటున్నాను.

సినిమాలో భయానికి మొదలూ చివరా ఉంటాయి. రెండు గంటల్లో అయిపోతుందని తెలుసు, మరీ భరించలేకపోతే ఆపేసే మీట చేతిలోనే ఉంది, గుండె దడదడలాడినా కాసేపటికి దానంతటదే నెమ్మదిస్తుంది. ఆసుపత్రిలో ఆమెకు వీటిలో ఒక్కటీ లేదు. భయపడిన శరీరం మళ్లీ కుదుటపడగలదని, అది కూడా తన అదుపులోనే జరగగలదని, రాత్రికి రాత్రి ఆమె తనకు తాను రుజువు చేసుకుంటూ ఉండవచ్చు. ఇది మనకు కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో శృంగారం, హాస్యం పక్కనే భయానకాన్నీ ఒక రసంగా నిలబెట్టాడు. ‘ఓ స్త్రీ రేపు రా’ అని ఊళ్లలో ఇంటింటి తలుపు మీదా రాసుకున్న రోజులు మీ వయసు వారికి గుర్తుండే ఉంటాయి. చదువుకున్న వాళ్లు నవ్వేవారు గానీ, ఊరంతా ఒకే భయాన్ని ఒకే మాటతో గుమ్మం బయట నిలబెట్టి, రేపు రమ్మని పంపించి, నిద్రపోయింది కదా.

ఇక ఆ వానపాముల గిన్నె. మీరు రాసిన వివరాన్ని బట్టి అది 2014లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా ‘ది బాబడూక్’ అయి ఉంటుంది. జెన్నిఫర్ కెంట్ అనే మహిళ దర్శకురాలు. నిండు గర్భిణిని కాన్పుకు ఆసుపత్రికి తీసుకెళ్తుండగా జరిగిన కారు ప్రమాదంలో భర్త చనిపోతాడు, బిడ్డ బతుకుతాడు. ఏళ్లు గడిచినా ఆ ఇంట్లో చనిపోయినవాడి పేరు ఎత్తడానికి వీల్లేదు. అతని వస్తువులన్నీ నేలమాళిగలో తాళం వేసి ఉంటాయి. పిల్లవాడి బొమ్మల పుస్తకంలోంచి వచ్చిన ఒక నల్లటి ఆకారం తల్లిని పీడించి, చివరికి ఆమె చేతనే కొడుకు గొంతు పట్టిస్తుంది. మన సినిమాల్లో అయితే చివర్లో మాంత్రికుడో దేవుడో వచ్చి దెయ్యాన్ని కాల్చి బూడిద చేస్తాడు. ఇందులో అది చావదు. తల్లి దాన్ని నేలమాళిగలోనే ఉండనిచ్చి, వానపాములు ఏరి తీసుకెళ్లి తినిపిస్తుంది, పైకి వచ్చి కొడుకు పుట్టినరోజు చేస్తుంది. దుఃఖం గురించి నేను చూసిన మంచి సినిమాలలో ఇదొకటి. కాన్పుతో ముడిపడిన కథ కావడంతో మీ కోడలికి ఇది తేలికైన సినిమా అయి ఉండదు. అయినా అది చూస్తూ కన్నీళ్లు తుడుచుకుంటున్న మనిషికి మతి చలించిందని నేను అనను. మీకు కనబడకుండా ఆ అమ్మాయి ఏడుస్తూనే ఉంది.

పరిశోధనలు ఏమంటున్నాయో మీ అబ్బాయికి పనికొస్తుందని క్లుప్తంగా చెబుతాను. కరోనా మొదటి రోజుల్లో అమెరికాలో సుమారు మూడు వందల మందిని ప్రశ్నించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, హారర్ సినిమాల అభిమానులు మిగతావారి కంటే తక్కువ మానసిక బాధను అనుభవించినట్టు తేలింది. సినిమాలే వారిని గట్టివారిని చేశాయా, గట్టివారే ఆ సినిమాలు చూస్తారా అన్నది ఇలాంటి అధ్యయనం తేల్చలేదు. నాకు ఎక్కువ పనికొచ్చేది డెన్మార్క్ వారు 2020లో ప్రచురించినది. జనాన్ని భయపెట్టడానికే కట్టిన దెయ్యాల కొంపలోకి 110 మందిని, గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి పంపారు. భయం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా వారికి ఆనందం తగ్గింది. మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువగా ఆస్వాదించారు. ఆ మధ్యస్థం ఎవరికి ఎక్కడ ఉంటుందో వారికే తెలుస్తుంది కనుక, ఏది చూడాలో ఎక్కడ ఆపాలో మీ కోడలే ఎంచుకోవాలి. బయటివారు బలవంతంగా చూపించినా, బలవంతంగా ఆపించినా ఆ ఎంపిక ఆమె చేతిలోంచి పోతుంది.

ఆ గ్రూపును చూసి మీరు ఎక్కువ భయపడినట్టున్నారు. నేను మాత్రం ఉత్తరంలో ఆ వాక్యం దగ్గరే కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఈ అభిమానులకు తెర మీది రక్తం ఎలా తయారైందన్నది పెద్ద కబురు. 1960 నాటి హిచ్‌కాక్ ‘సైకో’లో స్నానాల గదిలో పారిన రక్తం చాక్లెట్ సిరప్ అని చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు. నిజమైన రక్తాన్ని చూసి వచ్చిన పిల్ల, ఉత్తుత్తి రక్తం గుట్టు విప్పి నవ్వగలుగుతోందంటే దాన్ని నేను రోగలక్షణంగా చూడను. ఈ గుంపులలో మరో మంచి అలవాటు ఉంటుంది: కొత్త సినిమా చూడబోయేవారికి ముందే చూసినవారు ‘ఇందులో కాన్పు సీను ఉంది, ఫలానా చోట మొదలవుతుంది, దాటెయ్’ అని హెచ్చరిస్తారు. జరిగిన సంగతి మీ కోడలు వారికి చెప్పిందో లేదో నాకు తెలియదు. చెప్పి ఉంటే, ‘మరిచిపో’ అనకుండా విన్న నలుగురు ఆమెకు ఉన్నట్టే.

ఇంతా చెప్పి, సినిమాలను వైద్యంగా మీకు అంటగట్టను. చూసిన తర్వాత పీడకలలు పెరుగుతున్నా, ఆసుపత్రి దారి, పసిపిల్లల ఏడుపు తగలగానే ఆ రోజే మళ్లీ జరుగుతున్నట్టు వణికిపోతున్నా, తిండీ స్నానమూ పనీ వదిలేసి రెండు వారాలకు మించి ముభావంగా పడి ఉన్నా, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి. ఎవరికీ వినపడని గొంతులు తనకు వినపడుతున్నాయన్నా, తెర మీది దెయ్యం ఇంట్లో ఉందని నిజంగా నమ్ముతున్నా, చచ్చిపోవాలని ఉందన్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అది మీరు మీ కోసమూ చేయవచ్చు. నిద్ర సంగతి వేరు. తెల్లవారుజాము దాకా మేలుకుంటే సినిమా చేసిన మేలంతా నిద్రలేమి తినేస్తుంది. సినిమా భోజనాల తర్వాత హాల్లో మొదలుపెట్టి పదిన్నరకు ముగిస్తే బాగుంటుందని, ఆపమన్నట్టు కాకుండా, మీ అబ్బాయి చేత అనిపించండి. అతనూ బిడ్డను పోగొట్టుకున్నవాడే. ‘వదిలెయ్యమ్మా’ అన్న మాట వెనుక ఏముందో ఒక రోజు అతన్నీ కూర్చోబెట్టి అడగాలి.

తాయెత్తు వద్దు. దేవుడి మీద నమ్మకం మీ ఇష్టం, దానితో నాకు పేచీ లేదు. కానీ ఈ సమయంలో ఆ చేతికి తాయెత్తు కడితే ‘నీకేదో పట్టింది, నీ వల్లే ఇదంతా’ అని ఆడపడుచుగారి మాటకు ముడి వేసినట్టే అవుతుంది. దాని బదులు, మీ ఇద్దరే ఉన్న సమయం చూసి, ‘మీ పెద్దత్త ఆ రోజు అన్నది తప్పమ్మా, అప్పుడే చెప్పవలసింది, చెప్పలేకపోయాను’ అనండి. జవాబు కోసం ఎదురు చూడకండి. ఆ తర్వాత ఏ శనివారం సాయంత్రమో ‘నేనూ కూర్చోనా, మరీ భయంకరమైనది కాకుండా ఒకటి పెట్టు’ అని అడిగి చూడండి. కూర్చోనిస్తే లైటు వేసుకుని చూడండి, భయమేస్తే భయమేస్తోందని చెప్పండి, ఆమె మీ చేయి పట్టుకుంటే పట్టుకోనివ్వండి. వద్దంటే నొచ్చుకోకుండా మీ పని మీరు చూసుకోండి. రాకపోకలకు తలుపు తీసి ఉందని ఆమెకు తెలిస్తే ప్రస్తుతానికి చాలు.

అటక మీది మూట ఎవరికీ ఇవ్వకండి. అది అక్కడ ఉందని ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ గుడ్డలు కుట్టింది మీరు, మనవడి కోసమో మనవరాలి కోసమో ఎదురు చూసిందీ మీరు, కాబట్టి మీకూ ఆ మూట దించాలంటే భయం ఉండే ఉంటుంది. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పండి. ఎప్పుడు దించుదామో, అసలు దించాలో వద్దో అమ్మాయినే అడగండి.