ముత్తమ్మమ్మ పుట్టింటివారిని ఎలా వెతకాలి?

మీ అమ్మమ్మగారి తల్లి పేరు, మెట్టినూరు తప్ప ఏమీ తెలియదని, పుట్టింటివారి ఇంటిపేరు కావాలని అడిగారు కదండీ. ఆవిడకి పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చారన్నారు, అక్కడే మొదలుపెట్టండి. నోటిమాటగా ఇచ్చి ఉంటే ఏమీ దొరకదు. దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించి ఉంటే మాత్రం మీ పంట పండినట్టే. ఇచ్చిన తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, ఈవిడ ఫలానావారి భార్య అన్న మాట, అన్నీ మొదటి పేజీలోనే ఉంటాయి. తర్వాత ఆవిడే ఆ పొలం అమ్మి ఉంటే ఆ కాగితం కూడా తీయించండి. చివర సంతకం ఉందో వేలిముద్ర ఉందో చూస్తే చదువు సంగతీ తేలుతుంది.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువాటికి పొలం ఉన్న ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. సర్వే నంబరు తెలియదని టెన్షన్ పడకండి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇండెక్స్ 1, అంటే ఆఫీసులోని దస్తావేజుల సూచిక, మనుషుల పేర్లతోనే ఉంటుంది, ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. కాకపోతే సుబ్బమ్మ ఇంకోచోట వెంకట సుబ్బమ్మ అవుతుంది, కాబట్టి భర్త పేరుతో సరిచూసుకోండి.

ఇంట్లో తర్పణాల ఆనవాయితీ ఉంటే ఇంకో దారి ఉంది. ఆవిడ కొడుకులు తర్పణం వదిలేటప్పుడు మాతామహుల వైపు, అంటే ఆవిడ పుట్టింటి వైపు, మూడు తరాల పేర్లు, గోత్రంతో సహా చెప్పాలి. ఆ పేర్లు రాసుకున్న పాత నోటుపుస్తకం ఎవరి బీరువాలో ఉందో కనుక్కోండి.