అయిదు అచ్చులూ ఉన్న ఇంగ్లీషు మాటలు
పర్లాకిమిడి మిత్రులకు నమస్కారం. మీ అమ్మాయికి బడిలో అడిగిన, ఏ, ఇ, ఐ, ఓ, యు అయిదూ ఉండే మాటల కోసం నిఘంటువంతా తిరగవేయనక్కరలేదు. ఎడ్యుకేషన్, డైలాగ్, మా గుణుపురం సంతలో ఫులకోబి అని అమ్మే కాలిఫ్లవర్, ఈ మూడింటిలోనూ అవి ఉన్నాయి. కాకపోతే పలికినట్టే రాసుకునే మనకు, డైలాగ్ చివర బ్రిటిష్ వర్ణక్రమంలో దాగిన యు, ఇ చెవికి అందవు కనుక, స్పెల్లింగు రాసి చూడవలసిందే.

కంప్యూటరు ఉంటే, వరుసకొక మాట చొప్పున ఉన్న పదాల ఫైలును లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఇచ్చిన నమూనా ఉన్న వరుసలను వెతికి చూపే గ్రెప్ ఆదేశంతో, అచ్చుల్లో తక్కువగా వచ్చే యు కోసం ముందు జల్లించి, మిగిలినవాటిని తక్కిన అక్షరాల కోసం ఒక్కొక్కసారిగా వడపోయండి. ఒకే అక్షరం రెండుసార్లు కావాలంటే మాత్రం ఆ అక్షరం, చుక్క, నక్షత్రం, మళ్లీ అదే అక్షరం అని నమూనా ఇవ్వాలి; చుక్క, నక్షత్రం కలిస్తే మధ్యలో ఏమున్నా సరే అని అర్థం.