డ్రమ్ము ఊడిన క్షణంలోనే జీపు కదలవచ్చు

ప్రశ్న: మా నాన్నగారి పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు రెండు వర్షాకాలాలు షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. వెనుక ఎడమ చక్రం పట్టేసింది. చక్రం విప్పగలిగాను కానీ బ్రేక్ డ్రమ్ము ఎంత కొట్టినా రావడం లేదు. ఫోన్‌లోని చాట్ సహాయకుడిని అడిగితే ముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్ వదులు చేయమంటున్నది. వెనుక చక్రాల దగ్గర నాకు అసలు కేబులే కనిపించడం లేదు.
– భీమునిపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వానలు వెనుకబట్టిన ప్రతిసారీ ఈ ఫిర్యాదు వస్తూనే ఉంటుంది, ఉప్పుగాలి తగిలే ఊళ్ల నుంచి మరీ ఎక్కువగా వస్తుంది. ఫోన్ల సందేహాలు తీర్చే శీర్షికలో జీపు గురించి ఎందుకు రాస్తున్నానంటే, ఈ కథలో సగం చిక్కు ఫోన్ చెప్పిన సలహా వల్ల వచ్చినదే. కేబుల్ కనిపించకపోవడానికి కారణం మీ చూపులో లోపం కాదు. పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాలలో ఉండదు; ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) నుంచి వెనుక ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఆ శక్తిని వెనుక చక్రాలకు మోసుకెళ్లే కడ్డీ) బయలుదేరే చోట విడిగా ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, లివర్ లాగితే ఆగేది ఆ షాఫ్టే. ఇప్పటి కార్లకు సరిపోయే సమాధానాన్ని యాభై ఏళ్లనాటి బండికి అంటగట్టి, ఏ మోడల్ అని ఒక్క మాటైనా అడగకుండా ధీమాగా చెప్పే సహాయకులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కేబుల్ లేదన్న సంగతిని అక్కడితో వదిలేయకండి, ఎందుకంటే అసలు ప్రమాదం అందులోనే ఉంది. షాఫ్ట్‌ను పట్టే హ్యాండ్ బ్రేక్ వెనుక రెండు చక్రాలూ నేలమీద ఉన్నంతవరకే బండిని ఆపగలదు. ఒక చక్రాన్ని జాకీతో లేపితే, షాఫ్ట్ బిగిసే ఉన్నా, రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం ఒక వైపు తిరుగుతూ, నేలమీది చక్రాన్ని రెండో వైపు దొర్లనిస్తుంది. బండిని గేర్‌లో వేసి ఉంచినా ఇదే జరుగుతుంది. మీ విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. ప్రస్తుతం లేచి ఉన్న చక్రం తిరగకపోవడానికి కారణం ఆ పట్టేసిన డ్రమ్మే కనుక, మీ జీపును ఇప్పుడు ఆపుతున్నదీ ఆ డ్రమ్మే. రోజంతా కొట్టినా ఏమీ కదలలేదు కాబట్టి బండి స్థిరంగా ఉందనుకుంటాం. డ్రమ్ము సడలిన క్షణంలో ఆ ఆసరా పోతుంది, జీపు జాకీ మీద నుంచి జారుతుంది. అప్పుడు మీ చేతులూ ముఖమూ ఎక్కడ ఉంటాయో నేను చెప్పనక్కరలేదు.

కాబట్టి సుత్తి పట్టుకునే ముందు బండిని చదునైన గట్టి నేల మీదికి తెప్పించి, ముందు చక్రాలు రెంటికీ ముందూ వెనుకా దిమ్మెలు పెట్టి, ఫోర్ వీల్ లివర్ వేయండి. ముందు హబ్‌లను (చక్రాల నడిమి భాగాలను) చేత్తో కలిపే ఏర్పాటు ఉంటే వాటిని కూడా లాక్ చేయండి, అప్పుడు ముందు చక్రాలు సైతం ఆ హ్యాండ్ బ్రేక్‌కు కట్టుబడి ఉంటాయి. ఆ తర్వాత వెనుక యాక్సిల్ కింద స్టాండు పెట్టి, బరువును జాకీ మీద నుంచి దాని మీదికి దించండి. ఇటుకలు పేర్చడం స్టాండు కింద లెక్కకు రాదు.

ఇక డ్రమ్ము సంగతి. హబ్ నడుమ ఏముందో ముందు చూడండి. కాటర్ పిన్ను గుచ్చిన ఒకే పెద్ద నట్టు కనిపిస్తే, మీ హబ్, కొన కోసుగా చెక్కిన యాక్సిల్ షాఫ్ట్ మీద కీతో (లోహపు చీలతో) కూర్చున్న రకం. దానికి పుల్లర్ (బిగిస్తూ హబ్‌ను బయటికి లాగే పనిముట్టు) కావాలి, సుత్తితో పని జరగదు. షాఫ్ట్ కొనమీద కొడితే ఆ దెబ్బ లోపలి బేరింగులకు తగులుతుంది. పుల్లర్ బిగించేటప్పుడు నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని మరల మీద వదిలి ఉంచండి, ఎందుకంటే అలాంటి హబ్ వదిలినప్పుడు ఫిరంగి గుండులా ఎగిరి వస్తుంది. నడుమ గుండ్రంగా బోల్టులున్న ఫ్లాంజి కనిపిస్తే, సాధారణంగా డ్రమ్మును హబ్‌కు పట్టి ఉంచేవి రెండు మూడు చిన్న స్క్రూలు. తుప్పు, మట్టి కప్పేయడం వల్ల వాటిని చూడకుండానే గంటలకొద్దీ కొట్టేవారున్నారు.

స్క్రూలు తీశాక కూడా రాకపోతే కారణాలు రెండు. మొదటిది డ్రమ్ము నడిమి రంధ్రానికీ హబ్‌కూ మధ్య పెరిగిన తుప్పు. తుప్పు వదిలించే ఆయిల్‌ను అక్కడా, స్టడ్ల (చక్రాన్ని బిగించే బోల్టుల) మొదళ్లలోనూ పోసి రాత్రంతా వదిలేయండి. డ్రమ్ము ముఖం మీద మర వేసిన రెండు రంధ్రాలుంటే అవి అలంకారం కోసం పెట్టినవి కావు. సరిపడే బోల్టులు ఎక్కించి, ఒకటి కాస్త, మరొకటి కాస్త బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి నెట్టుకొస్తుంది. రెండోది, షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే భాగాలు) ఏళ్ల తరబడి అరగదీయడం వల్ల డ్రమ్ము లోపలి అంచున మిగిలిపోయిన గట్టు. డ్రమ్ము కొంచెం కదిలి ఆగిపోతున్నదంటే షూలు ఆ గట్టుకు తట్టుకుంటున్నాయని అర్థం. బ్యాక్ ప్లేట్ (షూలను మోసే వెనుక రేకు) వెనుక ఉన్న, షూల ఎడం సరిచేసే ఎడ్జస్టర్లను పూర్తిగా వెనక్కి తిప్పి షూలను లోపలికి రానివ్వాలి. వెనుక చక్రాలు రెండూ కలిసి పట్టేసి ఉంటే ఛాసిస్ నుంచి యాక్సిల్‌కు దిగే రబ్బరు హోస్ లోపల మూసుకుపోయి బ్రేక్ ఆయిల్ వెనక్కి రావడం లేదేమో అనుమానించాలి. బ్లీడింగ్ నిప్పుల్ (బ్రేక్ ఆయిల్‌ను బయటికి వదిలే చిన్న మర) కాస్త వదులు చేస్తే తేలిపోతుంది. మీకు ఒక చక్రమే పట్టింది కనుక షూలను నెట్టే సిలిండర్‌లోని పిస్టన్ తుప్పుపట్టి ఉండే అవకాశం ఎక్కువ.

కొట్టక తప్పకపోతే స్టడ్ల మధ్య, డ్రమ్ము ముఖం మీద, చుట్టూ తిరుగుతూ కొట్టండి. చిన్న వీడియోల్లో చూపినట్టు వెనుక అంచు మీద కొడితే పోత ఇనుము పెచ్చులూడుతుంది, లేదా పగులుతుంది. గ్యాస్ మంట జోలికి పోకండి. పక్కనే గ్రీజు, రబ్బరు కప్పులు, మండే గుణమున్న బ్రేక్ ఆయిల్ ఉన్నాయి.

డ్రమ్ము వచ్చాక లోపలి నల్లటి పొడిని కంప్రెసర్ గాలితో ఊదడం మన షెడ్లలో అలవాటు. పాత లైనింగుల్లో (షూల మీది అరిగే పొరల్లో) తరచుగా ఆస్బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, యూరోపియన్ యూనియన్ 2005 నుంచి దాన్ని నిషేధించింది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్ ఆ ధూళి పీల్చిన కొన్ని దశాబ్దాలకు గానీ బయటపడదు కనుక, ఈ అలవాటు వల్ల ఎవరికీ ఏమీ కాలేదన్న మాటకు విలువ లేదు. సబ్బునీళ్లతో తడిపి, తడిగానే తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయండి. చీపురు వద్దు.

మీరు ఈ పనిని పానాలతో, ఆయిల్‌తో, ఓపికతో పూర్తి చేయగలరు. కొత్త కార్లలో మోటారుతో పనిచేసే హ్యాండ్ బ్రేక్ ఉన్నవాటికి ఆ అదృష్టం కూడా లేదు. వెనుక బ్రేక్ ప్యాడ్లు మార్చాలంటే చాలా మోడళ్లలో ముందుగా సాఫ్ట్‌వేర్‌తో బ్రేక్‌ను సర్వీస్ స్థితిలోకి పంపాలి. ఆ సంగతి తెలియక పిస్టన్‌ను బలంగా లోపలికి నెట్టితే మోటారు పాడవుతుంది. బ్రేక్‌ను మోటారుతో నడపడం మీద నాకు అభ్యంతరం లేదు. దాన్ని వదిలించే ఆదేశాన్ని బండి తెరమీద యజమానికి ఇవ్వకుండా, షోరూమ్ పరికరంలో దాచి, భద్రత కోసమే అలా చేశామని చెప్పడం మాత్రం నాకు నచ్చని సంగతి.

ప్రశ్న: డ్రమ్ము రాకపోతే, ఆ ఒక్క చక్రానికి వెళ్లే బ్రేక్ పైపును నలిపి మూసేసి నడుపుకోవచ్చని మా మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
– పాడేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: నడపకండి. పట్టేసిన షూలు పైపు మూసినంత మాత్రాన వదలవు. ఒకవేళ వదిలినా, బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగుతుంది. పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకే ఆయిల్ మార్గం ఉంటుంది కనుక, నలిపిన ఆ పైపు చిట్లితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి, మీరు దిగాల్సిందేమో ఘాట్ రోడ్డు. మెకానిక్‌నే బండి దగ్గరికి పిలిపించండి, లేదా లారీ మీద ఎక్కించి పంపండి.