శరీరంలో అమర్చిన పరికరం మెత్తని కణజాలాన్ని పట్టుకుని ఉంటూనే మందును ఎలా విడుదల చేస్తుంది?

ఈ రెండు పనులనూ సాధారణంగా పరికరంలోని వేర్వేరు భాగాలు చేస్తాయి: మర, కొక్కెం, కుట్టు లేదా జిగురు దాన్ని కణజాలానికి పట్టి ఉంచితే, మందు కలిపిన సిలికోన్ వంటి పాలిమర్ నుంచి ఆ మందు కొద్దికొద్దిగా చుట్టుపక్కలకు ఊరుతుంది.

మెత్తని కణజాలం తడిగా ఉంటుంది, కదులుతూ ఉంటుంది. పైగా శరీరం పరికరాన్ని పరాయి వస్తువుగా గుర్తించి, ముందు వాపు తెచ్చి, ఆపై దాని చుట్టూ పీచులాంటి పొరను అల్లుతుంది. అసలు చిక్కు ఈ పొరతోనే. తాకే చోటనే మందు ఉంటే అతి తక్కువ మోతాదుతో వాపు అదుపులో ఉండి, పొర పలచగా ఏర్పడుతుంది. అదే మందును మాత్రగా ఇస్తే రక్తం ద్వారా ఒళ్లంతా పాకవలసి వస్తుంది.

గుండెకు విద్యుత్ ప్రేరణ అందించే పేస్‌మేకర్ తీగనే చూడండి. గుండె కండరంలోకి మరమేకులాగా దిగే, లేదా చిన్న కొక్కేలతో పట్టుకునే దాని కొసలో డెక్సామెథసోన్ అనే వాపు తగ్గించే స్టెరాయిడ్‌ను సాధారణంగా 1 మిల్లీగ్రాము లోపే ఉంచుతారు. 1980ల నుంచి వాడుకలో ఉన్న ఈ ఏర్పాటు వల్ల పొర పలచగా ఉండి, గుండెను స్పందింపజేయడానికి తక్కువ విద్యుత్తు సరిపోతుంది, బ్యాటరీ కూడా ఎక్కువ కాలం వస్తుంది.

ఈ మందే గుండె లయను సరిచేస్తుందని, అది అయిపోతే తీగను మార్చాలని చాలామంది పొరబడతారు. లయను నిలిపేది విద్యుత్ ప్రేరణే. వాపు తొలి వారాల్లోనే తీవ్రంగా ఉంటుంది కనుక, మందు తగ్గిపోయినంత మాత్రాన తీగను మార్చనక్కరలేదు.