కాలేజీ టీమ్‌లో ఆడినందుకు డబ్బిస్తామంటున్నారు.. ఎఫ్‌-1 వీసా మీద తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఎఫ్‌-1 వీసా. ఇప్పుడు యూనివర్సిటీ వాళ్లే ఏడాదికి 8 వేల డాలర్లు ఇస్తామని కాంట్రాక్టు పంపారు. ఆ ఊళ్లో రెస్టారెంటు నడిపే మన తెలుగాయన ఒకరు ఇన్‌స్టాగ్రామ్‌లో నెలకు రెండు పోస్టులు పెడితే 300 డాలర్లు ఇస్తానన్నారు. ఒక నెల పెట్టింది, డబ్బూ వచ్చింది. టీమ్‌లో అమెరికా అమ్మాయిలు ఇలాంటివి బాహాటంగానే చేస్తున్నారట. అసలు ఆడినందుకు డబ్బు తీసుకోవడం తప్పా? డాలర్లు అక్కడ తీసుకోకుండా గుంటూరులో నా ఖాతాలో వేయించుకుంటే ఇబ్బంది ఉండదని తెలిసినవాళ్లు చెప్పారు. నిజమేనా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు రెండు పనులు చేయించండి. యూనివర్సిటీ పంపిన కాంట్రాక్టు మీద ఇప్పుడే సంతకం పెట్టొద్దని చెప్పండి. రెస్టారెంటు పోస్టులు ఈ రోజుతో ఆపేయమనండి. మీ ఖాతాలో వేయించుకోవడం వల్ల ఏ రక్షణా లేదు. డబ్బు ఏ దేశంలో పడిందన్నది కాదు, పని ఏ దేశంలో ఉండి చేశారన్నదే ఇమ్మిగ్రేషన్ చట్టం చూస్తుంది. పైగా కూతురు చేసిన పనికి తండ్రి ఖాతాలో జమ అయితే దాచడానికే అలా చేశారన్న అనుమానం వస్తుంది.

తప్పా అని అడిగారు కాబట్టి ముందు అది చెబుతాను. అమెరికా క్రీడా నిబంధనల ప్రకారం ఇప్పుడు తప్పు కాదు. కొన్నేళ్ల క్రితం వరకు తప్పే. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ, ఆటగాళ్లు అమెచ్యూర్లుగానే (డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లుగానే) ఉండాలని, ఫీజు, హాస్టలు, భోజనం, పుస్తకాలకు మించి ఏమీ ముట్టకూడదని దశాబ్దాల పాటు పట్టుబట్టింది. టీవీ హక్కుల మీద, టికెట్ల మీద వచ్చే డబ్బు యూనివర్సిటీలకు, కోచ్‌లకు వెళ్లేది. యూసీఎల్ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ 2009లో వేసిన కేసుతో ఈ గోడ కదిలింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జీతం ఇవ్వకపోవడమే మా సరుకు ప్రత్యేకత అని చెప్పుకుని మార్కెట్ ధర ఎగ్గొట్టడం అమెరికాలో మరే వ్యాపారంలోనూ చెల్లదని జస్టిస్ కావెనా తన విడి అభిప్రాయంలో రాశారు. ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో, గుర్తింపు వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. దాన్నే అక్కడ ఎన్ఐఎల్ అంటారు. 2025 జూన్ 6న ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులో రాజీకి కోర్టు ఆమోదం తెలపడంతో యూనివర్సిటీలు నేరుగా డబ్బిచ్చే దారి తెరుచుకుంది. 2025-26కి ఒక్కో యూనివర్సిటీ ఇవ్వగలిగే గరిష్ఠ మొత్తం 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో పెద్ద వాటా (అమెరికన్) ఫుట్‌బాల్‌కే పోతుంది. అదే రాజీలో పాత ఆటగాళ్లకు ఇచ్చే బకాయిల పంపకానికి వాడిన లెక్కనే చాలా యూనివర్సిటీలు ఆనవాలుగా తీసుకుంటున్నాయి: దాదాపు 75 శాతం ఫుట్‌బాల్‌కు, 15 శాతం పురుషుల బాస్కెట్‌బాల్‌కు, 5 శాతం మహిళల బాస్కెట్‌బాల్‌కు, మిగిలిన 5 శాతం తక్కిన ఆటలన్నిటికీ. మీ అమ్మాయికి 8 వేలు అన్నారంటే ఆ చివరి వాటాలోంచి అన్నమాట.

అంటే మీ అమ్మాయిని ఆపుతున్నది క్రీడా చట్టం కాదు, ఇమ్మిగ్రేషన్ చట్టం. అమెరికా కాలేజీ టెన్నిస్ పై స్థాయిలో సగానికి పైగా ఆటగాళ్లు విదేశీయులే. అయినా పక్క కోర్టులో ఆడే అమ్మాయికి న్యాయమైన డబ్బు వీళ్లకు స్టేటస్ (వీసా షరతుల ప్రకారం అక్కడ ఉండే అర్హత) ఉల్లంఘన అవుతుంది. 2023లో ఇద్దరు సెనేటర్లు, బ్లూమెంతాల్, రికెట్స్, దీన్ని సరిచేసే బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఎఫ్‌-1 విద్యార్థుల ఎన్ఐఎల్ ఆదాయం గురించి ప్రభుత్వం విడిగా నిబంధన ఏదీ రాయలేదు కాబట్టి పాత నిబంధనలతోనే కొలుచుకోవాలి.

ఆ నిబంధనలు ఇవి. ఎఫ్‌-1 విద్యార్థి చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల లోపు పని చేయవచ్చు, సెలవుల్లో ఎక్కువ గంటలు చేయవచ్చు. క్యాంపస్ బయట అయితే సీపీటీ, ఓపీటీ (చదువుకు సంబంధించిన పనికి విద్యార్థులకు ఇచ్చే అనుమతులు) లాంటిది ఉండాలి. అనుమతి లేని పని ఎంత చిన్నదైనా స్టేటస్ పోయినట్టే. 300 డాలర్లకు ఒక లెక్క, 3 లక్షలకు ఒక లెక్క అని లేదు. డబ్బు బదులు ఉచిత భోజనం, గిఫ్ట్ కార్డు ఇచ్చినా ప్రతిఫలమే. ‘జీతం కాదు కదా, ఫ్రీలాన్స్’ అన్నా, కంపెనీ రిజిస్టర్ చేసి దాని పేరున బిల్లు వేసినా పని చేసింది తనే.

ఇక చేతికొచ్చే డబ్బును రకాల వారీగా విడదీసి చూడాలి, అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

స్కాలర్‌షిప్‌కు ఏ ఇబ్బందీ లేదు. మార్కులు, చదువుకు సంబంధించి ఏడాదికి గరిష్ఠంగా 5,980 డాలర్ల వరకు ఇచ్చే అవార్డు ఒకటుంది, ఆల్‌స్టన్ కేసు ఫలితంగా వచ్చింది. చదువుకు ఇచ్చేది కాబట్టి పని కింద చూడటం కష్టం. యూనివర్సిటీ అది ఇస్తుందేమో మీ అమ్మాయిని అడగమనండి. చాలామంది విదేశీ విద్యార్థులు ఈ డబ్బు సంగతి తెలియక వదిలేసుకుంటున్నారు.

రాయల్టీ లాంటి ఆదాయం తర్వాతి మెట్టు. టీమ్ జెర్సీల మీద, వీడియో గేముల్లో ఆటగాళ్లందరి పేర్లూ కలిపి లైసెన్స్ ఇచ్చినప్పుడు తన వాటాగా వచ్చేది ఇది. తను కొత్తగా ఏ పనీ చేయదు, ఉన్న ఫొటో, ఉన్న పేరు వాడుకుంటారు. కష్టపడకుండా వచ్చే ఈ ఆదాయాన్ని ఉద్యోగంగా చూడరాదన్నది ఇమ్మిగ్రేషన్ లాయర్లలో చాలామంది వాదన. బలమైన వాదనే, కానీ దానికి రాతపూర్వకమైన ప్రభుత్వ హామీ లేదు. ఫొటోషూట్‌కు రమ్మన్నా, సంతకాలు పెట్టమన్నా, పోస్టు పెట్టమన్నా ఆ వాదన అక్కడితో ఆఖరు. రెస్టారెంటు వాళ్ల పోస్టులు సరిగ్గా ఈ తప్పు వైపున ఉన్నాయి.

యూనివర్సిటీ కాంట్రాక్టు దగ్గరే అసలు చిక్కు. పైన ‘ఎన్ఐఎల్ లైసెన్స్ ఒప్పందం’ అని రాసి ఉంటుంది. పేరు చూసి మోసపోవద్దు, లోపలి క్లాజులు చదవండి. నెలకు ఇన్ని కార్యక్రమాలకు రావాలి, ఇన్ని పోస్టులు పెట్టాలి, దాతల విందులో కనిపించాలి అని ఉంటే అది పని. టీమ్‌లోంచి తప్పుకుంటే చెల్లింపు ఆగుతుంది, వేరే యూనివర్సిటీకి మారితే డబ్బు తిరిగి కట్టాలి అని ఉంటే ఫొటోకు కాదు, ఆటకే డబ్బిస్తున్నారని అర్థం వస్తుంది. అది జీతాన్ని పోలి ఉంటుంది. ‘యూనివర్సిటీయే ఇస్తోంది కదా, క్యాంపస్ ఉద్యోగంలోకి రాదా?’ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆటగాళ్లు తమ ఉద్యోగులని యూనివర్సిటీలు ఒప్పుకుంటే ఆ వాదన చేయవచ్చు. కానీ అవి ఒప్పుకోవడం లేదు. ఉద్యోగులు కావచ్చని 2024లో థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు జాన్సన్ కేసులో తలుపు తెరిచింది, తేల్చలేదు. డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు అదే ఏడాది 13-2 ఓటుతో యూనియన్ పెట్టుకుని, ఏడాది చివర దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. ఒకవేళ రేపు ఉద్యోగమే అని తేలినా గంటల చిక్కు ఉంటుంది. సీజన్‌లో ప్రాక్టీసు, మ్యాచ్‌లు కలిపి వారానికి 20 గంటలు ఎన్‌సీఏఏ పరిమితి. ఆ గంటలతోనే వీసా పరిమితి నిండిపోతుంది, లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో మరో పది గంటలు చేస్తున్న అమ్మాయి హద్దు దాటేసినట్టే.

కాబట్టి సంతకానికి ముందు యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టించండి, ఫోన్లో వద్దు. మూడు విషయాలు అడగమనండి: హాజరు, పోస్టుల బాధ్యతలన్నీ తీసేసి కేవలం లైసెన్స్‌గా మార్చి ఇవ్వగలరా, ఈ చెల్లింపును పన్ను పత్రాల్లో ఏ పేరుతో చూపుతారు, ఎఫ్‌-1 విద్యార్థి దీన్ని తీసుకోవచ్చని ఇంటర్నేషనల్ ఆఫీసు రాతపూర్వకంగా చెబుతుందా. విదేశీయులకు చెల్లింపులు చూపే 1042-ఎస్ పన్ను ఫారంలో రాయల్టీగా చూపిస్తామంటే ఒక మాట. ఫ్రీలాన్స్ పనికి చెల్లింపులు చూపే 1099-ఎన్ఈసీ ఫారం ఇస్తామంటే వాళ్లే దాన్ని పనికిచ్చిన సొమ్ముగా రాస్తున్నారన్నమాట, ఆ కాగితం రేపు మీ అమ్మాయికి వ్యతిరేకంగా సాక్ష్యం. మూడో ప్రశ్నకు సూటి జవాబు రాకపోతే 8 వేలు వదులుకోమనే నా సలహా. అథ్లెటిక్స్ విభాగంలోని కంప్లయన్స్ ఆఫీసు క్రీడా నిబంధనలు చూస్తుంది, వీసా కాదు. అక్కడివాళ్లు ‘ఓకే’ అన్నారని ముందుకు వెళ్లి ఇరుక్కోకూడదు.

సక్రమంగా సంపాదించే దారి ఒకటుంది: ఇంటికి వచ్చినప్పుడు చేయడం. అమెరికా నేల మీద చేయని పని అమెరికాలో అనుమతి లేని ఉద్యోగం కాదు. కెంటకీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ షీబ్వే, కాంగో దేశస్థుడు, 2022 ఆగస్టులో టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు తన ప్రకటనల పనులు అక్కడే చేసుకున్నాడు. మీ అమ్మాయి వేసవి సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు ఇక్కడి స్పోర్ట్స్ దుకాణానికో, అకాడమీకో ప్రకటన చేయవచ్చు. ఒప్పందంలో పని జరిగే చోటు, తేదీలు రాయించండి. షూటింగ్ మాత్రమే కాదు, పోస్టు పెట్టడం, కామెంట్లకు బదులివ్వడం కూడా విమానం ఎక్కే లోపే అయిపోవాలి. బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు ముద్రలు, ఒరిజినల్ ఫొటో ఫైళ్లు భద్రపరచండి. ఇక్కడి ఆదాయానికి ఇక్కడ పన్ను ఉంటుంది, పాన్ తప్పనిసరి. తను ఇప్పుడు పన్ను లెక్కల్లో ప్రవాసి అయి ఉండవచ్చు కాబట్టి టీడీఎస్ ఎంత కోయాలో ఆడిటర్‌తో తేల్చుకోండి. ఒక మాట మరవొద్దు: డివిజన్-1 (ఎన్‌సీఏఏలో పై స్థాయి) ఆటగాళ్లు బయటివాళ్ల నుంచి 600 డాలర్లు, అంతకు మించి వచ్చే ప్రతి ఒప్పందాన్నీ ఐదు పనిదినాల్లో ఎన్ఐఎల్ గో పోర్టల్‌లో నమోదు చేయాలి. ఇండియాలో జరిగిందని దాచితే వీసా నిలబడినా ఆడే అర్హత పోవచ్చు.

పీ-1ఏ, ఓ-1 వీసాలకు మారొచ్చని ఎవరైనా చెబితే తొందరపడకండి. అంతర్జాతీయ గుర్తింపు ఉన్న క్రీడాకారులకు ఇచ్చేవి అవి. అమెరికా కాలేజీ టీమ్‌లో ముందు సీజన్ గణనీయంగా ఆడి ఉండటం పీ-1ఏ అర్హతల్లో ఒకటిగా నిబంధనల్లోనే ఉంది, అదొక్కటే చాలదు. పైగా అది ఆడటానికి వచ్చేవాళ్ల వీసా, చదువు దానికి అనుబంధం మాత్రమే. 8 వేల కోసం ఆ ఖర్చు, ఆ రిస్కు వద్దు. అమెరికాలోనే పెరిగిన మన పిల్లల తల్లిదండ్రులూ ఇది గమనించాలి. హెచ్‌-4 (హెచ్‌-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు పని అనుమతి ఉండదు. కొందరు హెచ్‌-4 జీవిత భాగస్వాములకు ఇచ్చే ఈఏడీ (పని అనుమతి కార్డు) పిల్లలకు వర్తించదు. పుట్టింది హైదరాబాద్‌లో, పెరిగింది డాలస్‌లో అయినా చట్టం దృష్టిలో ఆ పిల్లాడూ మీ అమ్మాయీ ఒకటే. గ్రీన్‌కార్డు ఉంటేనే ఈ బాధ లేదు.

పన్ను గురించి క్లుప్తంగా. ఫీజు, పుస్తకాల మేరకు స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. హాస్టలు, భోజనం భాగం మీద ఉంది, మామూలుగా 14 శాతం ముందే కోస్తారు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. మిగతా దేశాల విద్యార్థులు చాలామందికి ఈ వెసులుబాటు లేదు. 1040-ఎన్ఆర్ (అక్కడ పన్ను లెక్కల్లో ప్రవాసులు వేసే రిటర్ను) వేస్తే కోసినదాంట్లో చాలావరకు వెనక్కి రావచ్చు. రాయల్టీ మీద 30 శాతం కోస్తారు. విదేశీయులమని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం ముందే ఇస్తే ఆ పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతానికి తగ్గుతుంది. విదేశీ విద్యార్థులు పన్ను శాఖకు ఇచ్చే 8843 ఫారం ఆదాయం లేకపోయినా వేయాలి.

ఇప్పటికే తీసుకున్న 300 డాలర్ల సంగతి. తిరిగి ఇచ్చేస్తే జరిగిన పని జరగనట్టు కాదు. పాత తేదీతో ‘బహుమతి’ అని కాగితం రాయించడం మరీ ప్రమాదం. అలాంటి సలహా ఎవరిచ్చినా వినొద్దు. ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి (డీఎస్ఓ) దగ్గరకు పరుగెత్తి అంతా చెప్పే ముందు యూనివర్సిటీతో సంబంధం లేని ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. లాయర్‌కు చెప్పింది గోప్యం. డీఎస్ఓకు చెప్పింది కాదు, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ వ్యవస్థలో) నమోదు చేయాల్సిన బాధ్యత ఆ ఉద్యోగిది. అనుమతి లేని పని కారణంగా రికార్డు రద్దయితే చదువు పూర్తయ్యాక ఇచ్చే 60 రోజుల గడువు ఉండదు. స్టేటస్ పునరుద్ధరణకు ఐ-539 దరఖాస్తు వేద్దామన్నా, అనుమతి లేని పని చేయలేదన్నది అందులో ఒక షరతు. అందుకే లాయర్ ముందు చూడాల్సింది పోస్టుల తేదీలు, డబ్బు వచ్చిన తేదీ, ఏం రాసుకున్నారన్నది. ఆ రెస్టారెంటాయనతో జరిగిన వాట్సాప్ సంభాషణ తుడిచేయకుండా ఉంచమనండి. ఆ 300 పన్ను రిటర్నులో చూపించాలి.

రేపు హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడో, హెచ్‌-1బీ, గ్రీన్‌కార్డు దరఖాస్తులో ‘అనుమతి లేకుండా పని చేశారా’ అని అడిగినప్పుడో లేదు అని రాయొద్దు. రెండు పోస్టుల తప్పుకు వివరణ, కొన్ని సందర్భాల్లో మినహాయింపు ఉంటాయి. అబద్ధం చెప్పి వీసా పొందారని తేలితే అమెరికాలో ప్రవేశానికి జీవితకాల నిషేధం పడవచ్చు.