వెలుగు మలుపు తిరగదా?

ప్రశ్న: తలుపు తెరిచి ఉంటే పక్క గదిలోని మాటలు వినిపిస్తాయి, మాట్లాడే మనిషి మాత్రం కనిపించడు. శబ్దమూ తరంగమే, వెలుగూ తరంగమే అంటారు కదా. వెలుగుకు మలుపు తిరగడం ఎందుకు రాదు?
– ఒక విద్యార్థిని

జవాబు: వచ్చమ్మా, బాగా వచ్చు. దానికి మన గుమ్మం మరీ పెద్దదైపోయింది, అంతే.

సందులో దూరిన తరంగం అవతల అన్ని వైపులకూ వ్యాపించాలని చూస్తుంది. సందు తరంగదైర్ఘ్యం (ఒక అల శిఖరం నుంచి తర్వాతి అల శిఖరానికి ఉన్న దూరం) కంటే చాలా పెద్దదైతే, పక్కదారి పట్టిన అలలు ఒకదాని శృంగం (శిఖరం) మీద మరొకదాని ద్రోణి (పల్లం) పడి చెరిగిపోతాయి, నేరుగా వెళ్ళినవే మిగులుతాయి. సందు తరంగదైర్ఘ్యమంతే ఉంటే అలా చెరిగిపోవు, తరంగం విసనకర్రలా విచ్చుకుంటుంది. ఇదే వివర్తనం. 340 హెర్ట్జ్ స్వరం గాలిలో సుమారు మీటరు పొడవు, గుమ్మమూ ఇంచుమించు అంతే వెడల్పు. ఆకుపచ్చ వెలుగు తరంగదైర్ఘ్యమో, మిల్లీమీటరులో దాదాపు రెండు వేలవ వంతు. దానికి ఆ గుమ్మం ఇరవై లక్షల రెట్లు!

మాట వినిపించడంలో గోడల వాటా కూడా తక్కువేమీ కాదు. అక్కడా ఇదే లెక్క, నాకు ఎంతో నచ్చే లెక్క. గోడ మీది గరుకు శబ్దతరంగం ముందు ఏ మూలకూ చాలదు కనుక శబ్దానికి ఆ గోడ నున్నటి అద్దమే. వెలుగు తరంగానికి అదే గరుకు ఎంతో పెద్దది, అందుకని వెలుగు చెల్లాచెదరవుతుంది. పక్క గది దీపపు వెలుతురు మనదాకా వస్తుంది, మనిషి రూపం రాదు.

1818లో ఫ్రెనెల్ అనే శాస్త్రవేత్త ఈ తరంగాల లెక్కను ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ పోటీకి పంపాడు. న్యాయనిర్ణేత పాయిజాన్ దాన్ని తప్పని తేల్చడానికే ఒక చిక్కు పట్టుకున్నాడు: ఈ లెక్కే నిజమైతే గుండ్రటి బిళ్ళ నీడ నడిమధ్యన వెలుగు చుక్క కనిపించాలి! మరో న్యాయనిర్ణేత ఆరాగో ప్రయోగం చేసి చూశాడు. చుక్క ఉంది. మరుసటి ఏడు బహుమతి ఫ్రెనెల్‌దే.

రేడియో తరంగాలదీ వెలుగు జాతే. 1000 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ 300 మీటర్ల పొడవు, చిన్న గుట్టలను చుట్టి అవతలికి చేరుతుంది. డిష్ యాంటెన్నాకు వచ్చేవి కొద్ది సెంటీమీటర్లవి కాబట్టి ఎదురుగా భవనం ఉంటే బొమ్మ రాదు.

మీరే చూడవచ్చు. రాత్రి దూరాన ఒక చిన్న దీపాన్ని ఎంచుకోండి. రెండు పెన్సిళ్ళను నిలువుగా, మధ్య వెంట్రుకవాసి సందుతో, ఒక కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకోండి. దీపం అడ్డంగా సాగి, నడుమ నల్లని ఖాళీలతో ముక్కలుగా కనిపిస్తుంది. సందు ఇంకా బిగిస్తే అది మరింత సాగుతుంది. పక్క ముక్కల అంచులు చూడండి: ఎరుపు బయటికి, నీలం లోపలికి ఉంటాయి, ఎరుపు తరంగదైర్ఘ్యం ఎక్కువ కాబట్టి. సూర్యుణ్ణి, లేజర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇలా చూడకండి.